ఇరవై బోట్ల ఆర్డరుకు కూలి లెక్క: లెర్నింగ్ కర్వ్‌తో కొటేషన్ వేయడం ఎలా

అంతర్వేది వైపు నుంచి ఒక మత్స్యకార సొసైటీ మీ షెడ్డుకు వచ్చి, 24 అడుగుల ఫైబర్ బోట్లు ఇరవై కావాలని అడిగిందనుకోండి. మీ పనివాళ్లకు ఆ మోడల్ కొత్త. వేట నిషేధం ఏప్రిల్ 15న మొదలై జూన్ 14తో ముగుస్తుంది, ఆ వెంటనే బోట్లు నీళ్లలో ఉండాలంటారు. కొటేషన్‌లో కూలి కింద ఎంత వేయాలి?

మొదటి బోటుకు పట్టే కూలిని ఇరవైతో గుణిస్తే రేటు పెరిగిపోయి ఆర్డరు పక్క షెడ్డుకు పోతుంది. చెయ్యి తిరిగాక పట్టే కూలిని ఇరవైతో గుణిస్తే ఆర్డరు వస్తుంది గానీ నష్టం కూడా వస్తుంది. అసలు లెక్క ఈ రెండింటి మధ్య ఉంది, దాన్ని కాగితం మీద తేల్చవచ్చు. అమెరికాలో విమానాల తయారీ ఖర్చులను చూసిన టి.పి. రైట్ అనే ఇంజనీరు 1936లో లెర్నింగ్ కర్వ్ అనే ఈ సూత్రాన్ని ప్రచురించాడు. చేసిన సంఖ్య రెట్టింపైన ప్రతిసారీ ఒక్కో యూనిట్‌కు పట్టే శ్రమ ఇంచుమించు ఒకే నిష్పత్తిలో తగ్గుతుంది. 85 శాతం కర్వ్ అంటే, ఒకటో బోటుకు 100 గంటలైతే రెండోదానికి 85, నాలుగోదానికి 72, ఎనిమిదోదానికి 61. తగ్గుదల బోటు బోటుకూ కాదు, రెట్టింపు రెట్టింపుకూ. ఇది పట్టుబడితే మిగతాదంతా కూడికలూ గుణకారాలే.

దీన్నుంచే ఇంకో సంగతి తెలుస్తుంది. ఆత్రేయపురంలో ఏళ్ల తరబడి కుండ మీద పూతరేకు తీస్తున్న చేతికి ఈ లెక్క పనికిరాదు. లక్ష రేకులు తీసిన మనిషికి వేగం ఇంకో మెట్టు పెరగాలంటే మరో లక్ష తీయాలి. లెర్నింగ్ కర్వ్ పనిచేసేది పని కొత్తదైనప్పుడు, సంఖ్య తక్కువైనప్పుడు, చేతిపని ఎక్కువైనప్పుడు. కొత్త మోడల్ బోట్లు ఇరవై అంటే ఈ మూడూ ఉన్నట్టే.

గంటలు రాయడం

రూపాయల్లో కాదు, పనిగంటల్లో రాయండి. ఒక మనిషి ఒక గంట చేసిన పని ఒక పనిగంట. నలుగురు ఐదు గంటలు చేస్తే ఇరవై. కూలి రేటు సంక్రాంతికోసారి మారుతుంది. రూపాయల్లో రాస్తే పని తగ్గిందో, రేటు పెరిగిందో రెండేళ్ల తర్వాత చెప్పలేరు.

ప్రతి బోటుకూ ఒక కాగితం పెట్టండి. అందులో మౌల్డ్‌కు వ్యాక్స్ పట్టించి జెల్‌కోట్ (బోటు బయటి నున్నటి పూత) కొట్టడం, మ్యాట్ (గాజు పీచు పరుపు) కోసి రెజిన్‌తో లేయర్లు వేయడం, మౌల్డ్ నుంచి ఊడదీసి అంచులు కోయడం, డెక్కూ అడ్డకట్టులూ బిగించడం, గ్రైండింగూ ఫినిషింగూ వేర్వేరు గడులుగా ఉండాలి. రెజిన్ గట్టిపడే సమయం పనిగంట కాదు, ఆ వేళ మనుషులు వేరే పని చేసుకుంటారు. కరెంటు పోయి ఊరికే కూర్చున్న గంటలకు ఒక గడి, చెడిపోయి మళ్లీ చేసిన పనికి ఒక గడి విడిగా పెట్టండి. ఈ రెండూ అసలు గంటల్లో కలిస్తే తర్వాత విడదీయలేరు.

కాగితం మేస్త్రీ చేతికే ఇచ్చి, ఏ రోజుది ఆ రోజే రాయించండి. వారాంతంలో గుర్తు తెచ్చుకుని రాసిన గంటలన్నీ ఎనిమిదులూ పదహారులుగా సర్దుకుంటాయి, వాటి నుంచి కర్వ్ రాదు.

రేటు తేల్చడం

ఉదాహరణకు ఇంతకుముందు మీరు చేసిన ఒక మోడల్‌కు మొదటి ఎనిమిది బోట్ల పనిగంటలు వరసగా 160, 139, 122, 117, 112, 104, 109, 99 అనుకుందాం. ఏడోది పెరిగిందేమని కాగితం తిరగేస్తే, తడిసిన మ్యాట్ వాడినందువల్ల లేయర్ అంటుకోక చెక్కేసి మళ్లీ వేసిన 8 గంటలు కనిపించాయి. అవి తీసేస్తే 101, వరసలోకి వచ్చేసింది.

ఇప్పుడు రెట్టింపు జతలు చూడండి. రెండోదాన్ని ఒకటోదానితో భాగిస్తే 139/160 = 0.87. నాలుగూ రెండూ: 117/139 = 0.84. ఆరూ మూడూ: 104/122 = 0.85. ఎనిమిదీ నాలుగూ: 99/117 = 0.85. సగటు 0.85, అంటే మీ షెడ్డు లెర్నింగ్ రేటు 85 శాతం. ఒక్క జత చూసి తేల్చేయకండి. ముఖ్యంగా ఒకటో బోటు గంటల్లో మౌల్డ్ సర్దుబాట్లూ కొలతల గందరగోళమూ కలిసి ఉంటాయి, ఆ జత ఒక్కటే నమ్మదగింది కాదు. ఎక్సెల్ వచ్చినవాళ్లు ఈ అంకెల్ని స్కాటర్ చార్ట్‌గా గీసి, పవర్ రకం ట్రెండ్‌లైన్ వేసి, సమీకరణం చూపించమంటే ఘాతం అందులో కనిపిస్తుంది. 2ను ఆ ఘాతానికి హెచ్చిస్తే రేటు వస్తుంది.

పాత కాగితాలు లేకపోతే, పనిలో చేతి వాటా ఎంత, యంత్రం వాటా ఎంత అని చూసుకోండి. పరిశ్రమల్లో వాడుకలో ఉన్న కొలత ఇది: ముప్పాతిక చేతిపని, పాతిక యంత్రం అయితే 80 శాతం దగ్గర, సగం సగమైతే 85, పాతిక చేయి, ముప్పాతిక యంత్రమైతే 90. ఓడల తయారీకి 80–85, ఒకే రకం వెల్డింగ్‌కు 90 దాకా, లేత్ పనికి 90–95 వేస్తుంటారు. చెరువు నీటికి గాలి పట్టించే ఏరియేటర్ల ఫ్రేములు వెల్డింగ్ చేసే భీమవరం వర్క్‌షాపు, బోటు షెడ్డు అంకె తెచ్చి పెట్టుకుంటే మునుగుతుంది.

మొదటి బోటు గంటలే తెలియకపోతే? చాలామంది దీన్ని ఊహించి వేస్తారు, కర్వ్ మొత్తం దాని మీదే నిలబడుతుంది కాబట్టి అక్కడ పొరపాటు చాలా ఖరీదు. మేస్త్రీని మొదటి బోటు గురించి అడక్కండి. అలాంటి పాత బోటుకు చెయ్యి తిరిగాక ఎంత పట్టేదో అడగండి, మనుషులకు అదే సరిగ్గా గుర్తుంటుంది. "ఎనభై గంటల్లో లేచేదండీ" అంటే, అది ఎన్నో బోటు నాటి మాటో తేల్చుకోండి. ఇరవయ్యోదైతే 80ని 0.4954తో (కింది పట్టికలో ఇరవయ్యో బోటు గుణకం) భాగించండి, 161 వస్తుంది. మొదటి బోటు అంచనా అదే.

కూడిక

ఎన్నో బోటుకైనా గంటలు రావాలంటే, బోటు నెంబరును ఘాతానికి హెచ్చించి, వచ్చిన అంకెతో మొదటి బోటు గంటల్ని గుణించాలి. ఘాతం 0.85 లాగ్‌ను 2 లాగ్‌తో భాగిస్తే వచ్చే −0.2345. ఫోన్‌లో సైంటిఫిక్ కాలిక్యులేటర్ చాలు. 85 శాతానికి కావలసిన అంకెలు ఇవి:

| బోటు నెంబరు | ఆ బోటు గుణకం | అక్కడిదాకా మొత్తం |
|---|---|---|
| 1 | 1.0000 | 1.000 |
| 2 | 0.8500 | 1.850 |
| 4 | 0.7225 | 3.345 |
| 5 | 0.6857 | 4.031 |
| 8 | 0.6141 | 5.936 |
| 10 | 0.5828 | 7.116 |
| 15 | 0.5300 | 9.861 |
| 20 | 0.4954 | 12.402 |
| 40 | 0.4211 | 21.425 |

కొటేషన్‌కు కావలసింది మూడో గడి. 160 × 12.402 = 1,984 పనిగంటలు. గంటకు ₹110 కూలి అనుకుంటే ₹2,18,240. మొదటి బోటు లెక్కన వేస్తే 3,200 గంటలు, ₹3,52,000 అయ్యేది. ఇరవయ్యో బోటు లెక్కన వేస్తే 1,585 గంటలు, ₹1,74,350.

ఇక్కడ చదువుకున్నవాళ్లు కూడా పడే గుంట ఒకటుంది. 85 శాతం అన్న మాటను రెండు రకాలుగా వాడతారు. పైన మనం చేసింది ఒక్కో బోటు గంటలు తగ్గే పద్ధతి. రైట్ మొదట చెప్పింది అప్పటిదాకా చేసిన అన్నింటి సగటు తగ్గే పద్ధతి. అదే 160, అదే 85 పెట్టి సగటు పద్ధతిలో వేస్తే ఇరవై బోట్ల సగటు 79.3 గంటలు, మొత్తం 1,585. తేడా 399 గంటలు, ₹43,890. రెండు పద్ధతుల్లో తప్పు ఏదీ లేదు. ఒకదానిలో కొలిచిన రేటును రెండోదానిలో పెట్టడమే తప్పు. కన్సల్టెంటో, బ్యాంకు కోసం ప్రాజెక్టు రిపోర్టు రాసేవాళ్లో రేటు చెబితే, అది ఒక్కోదాని రేటా, సగటు రేటా అని ముందు అడగండి.

రేటు విషయంలో ఎంత జాగ్రత్త కావాలో చూడండి. అదే ఇరవై బోట్లకు 80 శాతమైతే 1,678 గంటలు, 90 అయితే 2,337. ఐదు శాతం అటో ఇటో అయితే మూడువందల గంటల పైనే. అందుకే కొటేషన్ వేసేముందు మూడు రేట్లతోనూ లెక్కేసుకుని, 90 వచ్చినా తట్టుకోగలరో లేదో చూసుకోండి. ఒకవేళ తట్టుకోలేకపోతే, కర్వ్ మీద ఆశ పెట్టుకుని ధర తగ్గించవద్దు.

కర్వ్ పరిధిలోకి రానివి

మౌల్డ్ మొదటిది. ఒక్కో బోటు మూడు రోజులు మౌల్డ్ మీద ఉండాలంటే, ఇరవై బోట్లకు అరవై రోజులు. పనివాళ్లకు చెయ్యి ఎంత తిరిగినా ఆ అరవై రోజులు పెద్దగా తగ్గవు, ఎందుకంటే అందులో ఎక్కువ భాగం రెజిన్ గట్టిపడే కాలం. వేట నిషేధం 61 రోజులే. ఏప్రిల్ 15న మొదలుపెడతామంటే ఒక్క రోజు వెసులుబాటు మిగులుతుంది, చివరి బోటుకు ఫినిషింగ్ చేసే వేళ కూడా ఉండదు. కూలి లెక్కకు కర్వ్ చూడండి, డెలివరీ తేదీకి మౌల్డ్ రోజులు చూడండి. ఈ రెండూ కలిపేసి, గంటలు సగమవుతాయి కాబట్టి రోజులూ సగమవుతాయని మాటిచ్చిన షెడ్లు జూన్‌లో తలవంపులు తెచ్చుకుంటాయి.

రోజులు తగ్గించాలన్న తొందరలో హార్డ్‌నర్ పెంచడం పెద్ద ప్రమాదం. పాలిస్టర్ రెజిన్‌కు హార్డ్‌నర్ సాధారణంగా 1 నుంచి 2 శాతం. మే ఎండలకు అది కింది అంచునే ఉండాలి. ఎక్కువైతే రోలర్ తిప్పేలోపే రెజిన్ గడ్డకట్టి గాలి బుడగలు లోపలే ఉండిపోతాయి, మందపు చోట వేడెక్కి పగుళ్లిస్తుంది. ఇక హార్డ్‌నర్‌నూ కోబాల్ట్‌నూ (రెజిన్ గట్టిపడటాన్ని వేగిరపరిచే ద్రావణం) నేరుగా ఎప్పుడూ కలపకూడదు, పేలుతుంది. ముందు కోబాల్ట్ రెజిన్‌లో పూర్తిగా కలిశాకే హార్డ్‌నర్ పోయాలి. కొత్త కుర్రాడు వేగం నేర్చుకునే ముందు నేర్చుకోవలసింది ఇదే.

సామాను రెండోది. రెజినూ మ్యాటూ బోటుకు ఇంత అని పడతాయి, కర్వ్‌తో తగ్గవు. తగ్గేది వృథా మాత్రమే: మ్యాట్ కోతలో ముక్కలు, డబ్బాలో గడ్డకట్టిన రెజిన్. ఆ కాస్త తగ్గుదలకు 95 శాతం రేటు వేసుకున్నా ఎక్కువే. ఇంజనుకూ, కొని తెచ్చే బోల్టులకూ అసలు వేయకండి. ఎక్కువ కొంటే వచ్చే డిస్కౌంటు వేరే లెక్క.

షెడ్డు అద్దె, జనరేటరు, వాచ్‌మన్ జీతం మూడోది, చాలా షెడ్లు దెబ్బతినేది ఇక్కడే. వీటిని కూలి గంటకు ఇంత అని వేసుకునే అలవాటుంటే, గంటలు తగ్గేకొద్దీ కాగితం మీద ఈ ఖర్చూ తగ్గినట్టు కనిపిస్తుంది. అద్దె మాత్రం తగ్గదు. వీటిని రోజుల లెక్కన, అంటే పైన చెప్పిన మౌల్డ్ రోజుల లెక్కన, విడిగా వేయండి.

మనుషుల్ని మార్చితే

తొందరపడి రెండో మౌల్డ్ కట్టి, రెండో ముఠాను పెడితే రోజులు సగమవుతాయి. గంటలు పెరుగుతాయి. ఒక్కో ముఠా పదేసి బోట్లు చేస్తే, ప్రతి ముఠా తన ఒకటో బోటు నుంచే మొదలుపెట్టాలి: 2 × 7.116 × 160 = 2,277 గంటలు. ఒకే ముఠా కంటే 293 గంటలు, ₹32,230 ఎక్కువ. అయినా గడువు కోసం ఇది తప్పకపోవచ్చు, అప్పుడు ఆ డబ్బును కొటేషన్‌లో చూపించండి. మొదటి ముఠా నాలుగైదు బోట్లు చేశాక అందులో ఇద్దర్ని తీసి రెండో ముఠాలో కలిపితే నష్టం కొంత తగ్గుతుంది. నేర్చుకున్నది మనుషుల చేతుల్లోనే కాదు, మ్యాట్ కోసే అచ్చుల్లోనూ, డ్రిల్లింగ్ జిగ్గుల్లోనూ, గోడ మీద రాసిన వరసలోనూ ఉంటుంది. మూడో బోటుకల్లా అట్ట అచ్చులు చేయించండి, అవి రెండో ముఠాకు మొదటి రోజునుంచే పనికొస్తాయి.

మధ్యలో ఆగితే మరుపు వస్తుంది. లాక్‌హీడ్ ట్రైస్టార్ విమానాల ఉత్పత్తి 1970ల మధ్యలో పడిపోయి మళ్లీ పెరిగినప్పుడు, ఒక్కో విమానానికి పట్టే శ్రమ తగ్గకపోగా పెరిగింది. సంక్రాంతికి ఊళ్లకు వెళ్లిన ముఠాలో సగంమందే తిరిగొస్తే, అక్టోబరు వాయుగుండాలకు రెండు వారాలు షెడ్డు మూసేస్తే ఇక్కడా అదే జరుగుతుంది. దీన్ని లెక్కలోకి తేవడం తేలికే. ఇరవై పూర్తయ్యాక మూడు నెలలు ఆగి ఇంకో ఇరవై ఆర్డరు వచ్చిందనుకోండి. ఆగకపోతే 21వ బోటుకు 78 గంటలు పట్టాలి. తీరా చేస్తే 90 పట్టింది. 90ని 160తో భాగిస్తే 0.56, అది 12వ బోటు గుణకం. అంటే ముఠా 12వ బోటు దగ్గరికి వెనక్కి వెళ్లింది. అక్కడినుంచి 31 దాకా కూడితే 1,576 గంటలు. ఆగకుండా చేసి ఉంటే 1,444 సరిపోయేవి. రెండో ఆర్డరుకు తగ్గింపు అడిగేవాళ్లకు ఆ 132 గంటలు చూపించి మాట్లాడవచ్చు.

డెక్ మాత్రం మారి, హల్ (బోటు అడుగు, పక్కల డొప్ప) పాతదే అయితే మొత్తం బోటును కొత్తదిగా లెక్కించకండి. గడులు విడిగా రాసింది ఇందుకే. హల్ పనికి 21 నుంచి, డెక్ పనికి 1 నుంచి నెంబరు వేసి కలపండి.

డబ్బు చేతికొచ్చే వరస

బోటుకు ఒకే ధర కుదిరిందనుకుందాం. 1,984ను ఇరవైతో భాగిస్తే బోటుకు 99.2 గంటల కూలి వస్తుంది. ఏడో బోటు దాకా అంతకంటే ఎక్కువే ఖర్చవుతుంది. ఏడు బోట్లు అప్పజెప్పేసరికి మీరు పెట్టింది 851 గంటలు, ధరలో తిరిగొచ్చింది 694. ఆ 157 గంటల లోటు, ₹17,270, మీ జేబులోంచి పోతుంది, అదీ కూలి ఒక్కటే లెక్కేస్తే. ఎనిమిదో బోటు నుంచి కొద్దికొద్దిగా తిరిగొచ్చి ఇరవయ్యోదానికి సరిపోతుంది. కాబట్టి ఈ లోటు పూడేంత అడ్వాన్సు ముందే తీసుకోండి. పది బోట్లయ్యాక ఆర్డరు ఆపేస్తే ధర పది బోట్ల సగటుకు మారుతుందని ఒప్పందంలో రాయించుకోండి: 7.116 × 160 / 10, అంటే బోటుకు 113.9 గంటలు.

బోటుకు ఇంత అని మేస్త్రీకి కాంట్రాక్టు ఇచ్చే పద్ధతిలో తగ్గిన గంటల లాభం ముఠాకు పోతుంది, మీకు కాదు. మొదటి బోటు చూసి కాంట్రాక్టు రేటు కట్టి, కొటేషన్ మాత్రం కర్వ్‌తో వేస్తే తేడా అంతా మీ నెత్తినే. పోనీ ఐదో బోటు దగ్గర రేటు కోసేద్దామంటే, వేగంగా చేస్తే కూలి తగ్గుతుందని ముఠాకు అర్థమైపోతుంది, ఆ రోజునుంచి గంటలు తగ్గడం ఆగిపోతుంది. న్యాయంగా ఉండే దారి, మొదటి ఐదు బోట్లకు రోజు కూలి ఇచ్చి, ఆరో బోటు నుంచి కాంట్రాక్టు రేటు కట్టడం. రేటును 6 నుంచి 20 వరకు కర్వ్ సగటు మీద కట్టండి: (12.402 − 4.031) × 160 / 15 = 89.3 గంటలు. దానికి కొంత పైన వేసి ముందే చెప్పి, మధ్యలో మార్చకండి. వేగం తెచ్చింది వాళ్ల చేతులు, అందులో వాళ్లకు వాటా ఉండాలి.

పని నడుస్తుండగా

నాలుగో బోటు దిగగానే కొలిచిన గంటల్ని అంచనా పక్కన పెట్టండి. 116 రావాలి. 125 దాటితే కారణం వెతకండి: మనుషులు మారారా, మ్యాట్ కోసం ఎదురుచూశారా, కొలతలు మారాయా. ఏమీ లేకపోతే మీ రేటు 85 కాదు, 88కో 90కో దగ్గర. మిగిలిన పదహారు బోట్లకూ లెక్క మళ్లీ వేసి, ఓవర్‌టైమ్ కావాలో, రెండో ముఠా కావాలో అప్పుడే తేల్చండి. పన్నెండో బోటు దగ్గర తెలిస్తే చేయగలిగేది ఉండదు.

అంచనా కంటే గంటలు మరీ తగ్గినా ఆగి చూడండి. ఆరో బోటు 105 బదులు 80కే పూర్తయితే ఒక లేయర్ మానేశారేమో, రోలర్ సరిగ్గా తిప్పలేదేమో పరీక్షించాలి. బోటును తూకం వేయడమే తేలికైన పరీక్ష: మొదటి బోట్ల కంటే బరువు బాగా తగ్గితే మ్యాట్ తగ్గినట్టే. నాణెంతో కొట్టి చూడండి, బోలు శబ్దం వచ్చిన చోట లేయర్లు విడిపోయాయి. అక్కడ చెక్కి మళ్లీ వేయించి, ఆ గంటల్ని మళ్లీ చేసిన పని గడిలో రాయించి, తర్వాతి బోటును మౌల్డ్ మీదికి ఎక్కించండి.